పదిహేను అంగుళాల పిచ్చుక గూడు

మా హెడ్మాస్టరు సీతారామాంజనేయులు గారికి పిచ్చుకల మీద ప్రేమ అక్టోబరు పదకొండో తారీఖున పుట్టింది. ముందురోజు సాయంత్రం దాకా లేదు. ఆ సాయంత్రం జిల్లా నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రతి హైస్కూలూ పన్నెండు పిచ్చుక గూళ్లు చేయించాలి, ఊళ్లో పెట్టించాలి, వారానికో ఫోటో యాప్‌లో ఎక్కించాలి. మరునాడు ప్రార్థన దగ్గర ఆయన గొంతు బొంగురుపోయింది. తన చిన్నతనంలో వసారా నిండా పిచ్చుకలు ఎలా కిచకిచలాడేవో, సెల్ టవర్లు వచ్చి వాటి బతుకు ఏమైందో ఇరవై నిమిషాలు చెప్పారు. తన మిరప చేలో వారానికి రెండుసార్లు కొట్టించే పురుగుమందు సంగతి మాత్రం ఆయనకు గుర్తు రాలేదు. పిల్లలు ఎండలో నిలబడి విన్నారు. ఇద్దరు కళ్లు తిరిగి కూర్చున్నారు.

ఆ బడిలో నేను జీవశాస్త్రం చెబుతాను. నా పేరు ఉదయశ్రీ. పర్చూరు పక్కనే మా ఊరు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఈ చివరి అయిదారేళ్లు నేను ఎక్కువగా చేసింది ఫోటోలు తీయడం. మరుగుదొడ్డి ఫోటో, కోడిగుడ్డు ఫోటో, బూట్ల ఫోటో, చెయ్యి కడుక్కుంటున్న పిల్లవాడి ఫోటో. మిగిలిన టైములో పాఠం చెబుతాను. ఇప్పుడు ఆ జాబితాలో పిచ్చుక కూడా చేరింది.

సర్క్యులర్‌లో గూడు కొలతలు ఉన్నాయి. వెడల్పు పదిహేను, లోతు పదిహేను, ఎత్తు ఇరవై అయిదు, కంత నాలుగు. ఇవి సెంటీమీటర్లని కింద చిన్న అక్షరాల్లో రాశారు. హెడ్మాస్టరు గారు ఆ అంకెలను వడ్రంగికి ఫోన్లో చదివి వినిపించారు. మా వైపు వడ్రంగులు టేపులో అంగుళాల వైపే చూస్తారు. ద్వారబంధమైనా, మంచమైనా, చర్చి వాళ్లు చేయించే శవపేటికైనా అంగుళాలే. అతను అడగలేదు, ఈయన చెప్పలేదు. వారం తర్వాత పన్నెండు పెట్టెలు ట్రాక్టరు మీద దిగాయి. ఒక్కొక్కటి మా ఇంట్లో బియ్యం డబ్బా కంటే పెద్దది. కంతలో నా పిడికిలి సులువుగా దూరింది.

"ఇవి పిచ్చుకలకేనా సార్?" అని అడిగాను.

"ఉమ్మడి కుటుంబాలుంటాయి కదమ్మా," అన్నారాయన.

పొరపాటు జరిగిందని ఒప్పుకోవడం కంటే పిచ్చుకల చేత ఉమ్మడి కాపురం పెట్టించడం ఆయనకు తేలికైంది. పిల్లలు ఆ పెట్టెలు మోయలేకపోయారు. చివరికి టీచర్లకే తలా ఒకటి అంటగట్టారు. నా వాటా నేను ఇంటికి తెచ్చుకున్నాను.

మా ఇంట్లో మేం ముగ్గురం. మా ఆయన బాబ్జీ వ్యవసాయం చేస్తాడు. సగం మిరప, సగం పత్తి. మా అత్తగారి పేరు సామ్రాజ్యం. ఇల్లు ఆవిడ పేరు మీద ఉంది. ఆ సంగతి ఆవిడ రోజుకు ఒక్కసారైనా మాకు గుర్తుచేస్తుంది. పెరట్లో ఒక వేపచెట్టు, దాని పక్కన ఒక రేకుల గది ఉన్నాయి. ఆ గదిలో ఆదెమ్మ ఉండేది.

ఆదెమ్మది ఊరి చివరి పేట. అరవై దాటాయి, ఒక్కతే. ప్రభుత్వం ఇల్లు మంజూరు చేసిందంటే నమ్మి, ఉన్న ఇల్లు పడగొట్టుకుంది. కొత్తది పునాది దాకా లేచి, నాలుగు మూలలా ఇనుప చువ్వలు పైకి పొడుచుకుని ఆగిపోయింది. మా చేలో కాయ కోతకు వచ్చేది, ఎండిన కాయకు ఇంటి దగ్గర కూర్చుని తొడిమలు తీసేది. ఆ పరిచయంతో కిందటి ఏడు నా దగ్గరికి వచ్చింది.

"ఇంటికి కప్పు పడేదాకా ఆ గదిలో ఉండనీయండి టీచరమ్మా. ఇంకేం వద్దు. ఈ వయసులో ఆరుబయట పడుకోలేను," అంది.

సరే ఉండమన్నాను. అత్తగారు గొణిగింది కానీ నేను పట్టించుకోలేదు. కప్పు పడేదాకా నిన్ను ఎవరూ కదిలించరని ఆదెమ్మకు మాటిచ్చింది నేనే.

పెట్టె బరువుకు వేప కొమ్మ వంగిపోయింది. అందుకని రేకుల గది బయటి గోడకు, చూరు కింద బిగించాం. ఆదెమ్మ నిచ్చెన పట్టుకుంది, బాబ్జీ మేకులు కొట్టాడు, నేను ఫోటో తీశాను. ఫోటో ఎక్కించగానే యాప్ ఒక ప్రశ్న అడిగింది. పిచ్చుక ఉందా? కింద రెండే గడులు. అవును, కాదు. కాదు అని నొక్కితే కారణం రాయమంటుంది. యాభై అక్షరాలకు తగ్గితే ఒప్పుకోదు. వారం వారం నేను యాభై అక్షరాలు రాస్తూ వచ్చాను. నవంబరులో హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు.

"మీ ఒక్కరిదే మేడం, కాదు అని వస్తోంది. మిగతా పదకొండూ అవునే. మన మండలం పేరు పోతోంది."

"లేని పిచ్చుక ఉందని ఎలా రాయను సార్? నేను సైన్సు టీచర్ని," అన్నాను.

ఆ మాట అన్నందుకు నాలో నేనే తెగ పొంగిపోయాను. స్టాఫ్ రూములో రెండు మూడుసార్లు చెప్పుకున్నాను కూడా.

జనవరి చివర్లో ఒకరోజు పొద్దున్నే ఆదెమ్మ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"ఆ పెట్టెలో పామున్నది టీచరమ్మా. మూడ్రోజుల్నించి ఒకటే బుస. నా తలకాయ పెట్టుకునే చోటికి సరిగ్గా గోడవతలే."

నేను మాట్లాడేలోపే అత్తగారు పూజగదిలోంచి వచ్చేసింది. నాగేంద్రుడు తనంతట తాను వెతుక్కుంటూ వచ్చాడని, ఈ ఇంటికి మంచిరోజులొచ్చాయని తేల్చేసింది. అరగంటలో గోడకు పసుపు రాసి బొట్లు పెట్టింది. పెట్టె కింద ఇత్తడి గిన్నెలో పాలు పోసి, కోడిగుడ్డు పెట్టింది. పక్కిళ్ల ఆడవాళ్లు వచ్చి చెంపలేసుకున్నారు. పాములు పాలు తాగవని నేను ఏటా తొమ్మిదో తరగతిలో చెబుతాను. ఆ చెంపలేసుకున్న వాళ్లలో ఇద్దరు నా దగ్గర ఆ పాఠం చదువుకుని పాసైనవాళ్లే.

"అదృష్టవంతురాలివే ఆదెమ్మా, నీ గోడకే వచ్చాడు," అంది అత్తగారు.

"ఆ అదృష్టమేదో మీ గోడకైతే బాగుండు పెద్దమ్మగారూ," అంది ఆదెమ్మ.

నేను పర్చూరు నుంచి వాసింను పిలిపించాను. పాములు పట్టడంలో చుట్టుపక్కల ఊళ్లలో అతనికి పేరుంది. కొక్కెం కర్ర పట్టుకుని మోటారు సైకిలు మీద వచ్చాడు. పాలగిన్నె పక్కకు జరిపి నిచ్చెన వేసుకున్నాడు. కంతలోకి టార్చి వేసి ఒక నిమిషం చూసి, నవ్వడం మొదలుపెట్టాడు.

"పాము కాదు మేడం. గుడ్లగూబ. నాలుగు పిల్లలు పెట్టింది. ఆ పిల్లలే బుసకొడుతున్నాయి."

నా ఫోన్ అందుకుని ఒక ఫోటో తీసిచ్చాడు. తెల్లటి ముఖం, నల్లటి కళ్లు, ఆ తల్లి పక్కన ఒకదాని కంటే ఒకటి చిన్నగా నాలుగు పిల్లలు. నేను ఇన్నేళ్లూ బోర్డు మీద బొమ్మ వేయడమే కానీ అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నిజంగా సంతోషం వేసింది.

అత్తగారు మాత్రం వెనక్కి జరిగింది. అప్పటిదాకా చేతులు జోడించిన పెట్టెకేసి వేలు చూపించి, చావుపిట్ట అంది. పాలు తీసుకెళ్లి మురిక్కాలవలో పోసింది. కాటేస్తే గంటలో ప్రాణం తీసే పాముకు పాలు, గోడ కింద ఎలుకలు తినే పిట్టకు శాపనార్థాలు. మా ఇంట్లో జీవశాస్త్రం ఇలా ఉంటుంది. సాయంత్రానికి ఆవిడ తీర్పు చెప్పింది. గుడ్లగూబ వచ్చిన ఇంటిని పాడుపెట్టాలి. అంటే ఆరు నెలలు తాళం వేసి, అందరూ బయటికెళ్లి ఉండాలి. దీపం కూడా పెట్టకూడదు.

నేను లెక్చరు ఇచ్చాను. ఒక గుడ్లగూబ కుటుంబం రోజుకెన్ని ఎలుకలు తింటుందో, ఎలుకలు పత్తిగింజలకు, మిరపకాయ సంచులకు ఎంత నష్టం చేస్తాయో చెప్పాను. అత్తా కొడుకూ నా క్లాసులో వెనక బెంచీ వాళ్లలాగే విన్నారు. శ్రద్ధగా విన్నది ఆదెమ్మ ఒక్కతే.

"పామైతే భయంగానీ పిట్టైతే నాకేం టీచరమ్మా," అంది. "అందుకే కామాల, ఈ నెల్లో నా గదిలో ఒక్క ఎలక కనపళ్లా."

ఆ రోజు నుంచి ఆదెమ్మకు అదే కాలక్షేపమైంది. పొద్దుగూకే వేళ వేపచెట్టు కింద పీట వేసుకుని, ఒళ్లో చేట పెట్టుకుని తొడిమలు తీస్తూ పైకి చూసేది. తల్లి ఎన్నిసార్లు తిరిగొచ్చిందో, ఏ పిల్ల ఎక్కువ గోల చేసిందో మరునాడు నాకు చెప్పేది. గోడ కింద నల్లటి ఉండలు దొరికితే దాచి చూపించింది. విప్పి చూస్తే వెంట్రుకలు, ఎలుక పుర్రెలు. అరగనివాటిని అది ఉండ చేసి కక్కుతుందని చెప్పాను. వాటిని బడికి తీసుకెళ్లమని గుడ్డలో మూటకట్టి ఇచ్చింది. నేను బ్యాగులో వేసుకుని మర్చిపోయాను.

పాడుపెట్టడం సంగతి తేలాలి. అత్తగారికి దోషమంటే భయమే కానీ, తన గదిలో ఏసీ వదిలి ఆరు నెలలు ఎవరింట్లోనో ఉండడమంటే అంతకంటే భయం. బాబ్జీకి కల్లంలో కాయ ఎండుతోంది, కదల్లేడు. రెండు రోజులు మీనమేషాలు లెక్కపెట్టి, చీరాలలో ఒక సిద్ధాంతి గారికి ఫోన్ చేశారు. ఆయన తెలివైనవాడు. అవతల ఉన్నవాళ్ల గొంతు విని ఏం కావాలో కనిపెట్టగలడు. పక్షి ఏ కప్పు కింద చేరిందో ఆ కప్పుకే దోషం, మిగతా ఇంటికి అంటదు అన్నాడు. అత్తగారు ఊపిరి పీల్చుకుంది. ఇల్లు మాది, పెట్టె మాది, మేకులు కొట్టింది మేము. దోషం మాత్రం ఆదెమ్మది.

"దాన్ని ఖాళీ చేయమని చెప్పు అమ్మాయ్," అంది నాతో.

నేను ఒప్పుకోలేదు. ఇది మూఢనమ్మకమని, ఒక పేదరాలిని పిట్ట పేరు చెప్పి రోడ్డున పడేయడం సిగ్గుచేటని గట్టిగానే అన్నాను. అత్తగారు నాతో మాట్లాడడం మానేసింది. బాబ్జీ నా ముఖం చూడకుండా అన్నం తిన్నాడు. ఆ వారం రోజులు నాకు భలే ఉషారుగా ఉంది. ఇంట్లో బుర్ర ఉన్నది నాకొక్కదానికే అన్న సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు. ఇప్పుడు వాళ్లకూ తెలిసింది అనుకున్నాను.

శనివారం వచ్చింది. యాప్‌లో ఫోటో ఎక్కించాలి. వాసిం తీసిన ఫోటో ఎక్కించాను. పిచ్చుక ఉందా? యాప్‌కు గుడ్లగూబ తెలియదు. కాదు అంటే మళ్లీ యాభై అక్షరాలు. ఏదో ఒక పక్షి ఉంది కదా అని, అవును నొక్కాను.

సోమవారానికి ఆ ఫోటో జిల్లా అంతా తిరిగింది. హెడ్మాస్టరు గారు నా కోసం గేటు దగ్గరికే ఎదురొచ్చారు. జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు చూడ్డానికి వస్తానన్నారట. మార్చి ఇరవై, పిచ్చుకల దినోత్సవం నాడు. ఆ రోజు మా పెరట్లోనే సభ. ఉత్తమ ఉపాధ్యాయుల జాబితాకు నా పేరు పంపిస్తానన్నారు.

పిచ్చుకల దినోత్సవానికి గుడ్లగూబను చూడ్డానికి రావడమేమిటని నేను నవ్వాలి. పిచ్చుక గూళ్లను చూసి, యాప్‌ను చూసి, ఆయన గద్గద స్వరం విని అన్నాళ్లూ నవ్వినదాన్ని. నవ్వు రాలేదు. ఆ సాయంత్రం బస్సెక్కి చీరాల వెళ్లి ఒక మంగళగిరి చీర కొనుక్కున్నాను. సభలో ఏం మాట్లాడాలో దారిలోనే ఆలోచించుకున్నాను.

రెండు రోజుల తర్వాత హెడ్మాస్టరు గారు పెరడు చూడ్డానికి వచ్చారు. కుర్చీలు ఎక్కడ వేయాలో, బ్యానరు ఎక్కడ కట్టాలో అడుగులేసి కొలుచుకున్నారు. ఆదెమ్మ గది ముందు ఆగారు. గుమ్మంలో మిరపకాయల కుప్ప, పక్కన పొయ్యి, దండెం మీద చీర ఉన్నాయి.

"ఇక్కడ ఎవరో ఉంటున్నట్టున్నారే. ఆఫీసరు గారు వచ్చేటప్పటికి ఇదంతా బాగుండదు మేడం. పక్షులకు కూడా డిస్టర్బెన్సు," అన్నారు.

ఆ చివరి మాట నాకు పనికొచ్చింది. అత్తగారు చెప్పిన దోషం నాకు అసహ్యం. డిస్టర్బెన్సు అంటే సైన్సు. మరునాడు బడి నుంచి రాగానే ఆదెమ్మను పిలిచి కూర్చోబెట్టి, ఎంతో నిదానంగా, పదో తరగతి పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. పిల్లలున్న పక్షికి మనుషుల అలికిడి పడదు. పొయ్యి పొగ అసలే పడదు. పిల్లలు ఎగిరేదాకా ఆ గది ఖాళీగా ఉండడం మంచిది. మార్చి దాటగానే వచ్చేయొచ్చు.

ఆదెమ్మ మిరపకాయ మంటకు కొబ్బరినూనె రాసుకున్న చేతులు చూసుకుంటూ విన్నది.

"నేనుండంగానే గదమ్మా గుడ్లు పెట్టింది. నేనుండంగానే పొదిగింది," అంది.

"నీకు తెలియదులే ఆదెమ్మా, అవన్నీ పుస్తకాల్లో ఉంటాయి," అన్నాను.

"మొన్న పెద్దమ్మగారు దోషమన్నారు. ఇయ్యాల మీరు సైన్సంటన్నారు. ఏదైనా మూట కట్టుకునేది నేనేగా. కట్టుకుంటాలే."

కోపంగా అనలేదు. చీకటి పడకముందే ఆటోలో సామాను వేసుకుని వెళ్లిపోయింది. పునాది మీద చువ్వలకు టార్పాలిన్ పట్టా కట్టుకుని ఉంటోందని బాబ్జీ చెప్పాడు. ఆ సాయంత్రం అత్తగారు తన చేత్తో నాకు కాఫీ కలిపి ఇచ్చింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి అది రెండోసారి.

ఖాళీ గదిని చూస్తే రైతుకు చెయ్యి ఊరుకోదు. ధర లేదని బాబ్జీ కాయ అమ్మలేదు, పత్తీ అమ్మలేదు. వారం తిరక్కుండా ఆ గది నిండా తొక్కి కుట్టిన మిర్చి టిక్కీలు, పత్తి కుక్కిన బోరాలు పేర్చాడు. మనిషి ఉంటే తగిలే దోషం పత్తికి తగలదేమో, అత్తగారు అడ్డు చెప్పలేదు. మనుషుల అలికిడి పడని పక్షుల కింద నలుగురు కూలీలు రెండు రోజులు బోరాలు విసిరారు. నేనూ అడ్డు చెప్పలేదు. పత్తి వెంట ఎలుకలు వచ్చాయి. ఆదెమ్మ ఉన్నప్పుడు ఊడ్చి శుభ్రంగా ఉంచేది, ఇప్పుడు ఎవరున్నారు. ఒక ఆదివారం బాబ్జీ చేతిలో ఎలుకల మందు ప్యాకెట్టుతో పెరట్లోకి వెళ్లాడు.

నేను చూశాను. ఇది కచ్చితంగా చెప్పాలి. వరండాలో కూర్చుని సభలో చదవాల్సిన ఉపన్యాసం దిద్దుకుంటూ ఆ నీలం బిళ్లల ప్యాకెట్టు చూశాను. ఆహార గొలుసు పాఠం నేను ఇరవై రెండుసార్లు చెప్పాను. గడ్డి నుంచి ఎలుకకు, ఎలుక నుంచి గుడ్లగూబకు బాణం గుర్తులు వేసి, ఎలుక ఒంట్లో విషముంటే అది ఎక్కడికి చేరుతుందో పిల్లల చేత చెప్పించి, మార్కులు వేశాను. చూసి, తల వంచుకుని, ఉపన్యాసంలో ఒక వాక్యం కొట్టేసి ఇంకోటి రాసుకున్నాను.

మార్చి తొమ్మిది పొద్దున వేపచెట్టు కింద తల్లి పిట్ట రెక్కలు పరుచుకుని పడి ఉంది. ముక్కు దగ్గర నెత్తురు ఎండిపోయింది. బాబ్జీ నిచ్చెనెక్కి చూసి, పిల్లలు కూడా పోయాయన్నాడు. నాలుగూ. ఇంకో వారం రోజుల్లో ఎగిరేవి. ప్రార్థన గంటకు టైమవుతోంది.

"నేను వచ్చేసరికి ఎవరిచేతైనా తీయించేయండి," అని బాబ్జీకి చెప్పి బడికి వెళ్లాను. ఎవరిచేత అని నేను అనలేదు.

హెడ్మాస్టరు గారికి చెబితే ఒక్క క్షణం కూడా బాధపడలేదు. "ఎవరికీ చెప్పకండి మేడం. గుడ్లగూబలు పగలు నిద్రపోతాయి కదా. ఇరవయ్యో తారీఖున నిద్రపోతున్నాయందాం," అన్నారు. ఆ రోజు యాప్‌లో పాత ఫోటోయే మళ్లీ ఎక్కించాను. అవును నొక్కాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చెట్టు కింద శుభ్రంగా ఉంది. నీళ్లు చల్లి ఉన్నాయి. పెట్టె కూడా కడిగినట్టున్నారు. అత్తగారు వసారాలో కూర్చుని తేలిగ్గా ఉంది.

"చావుపిట్ట చచ్చింది, దాంతోనే దోషమూ పోయింది. ఆదెమ్మను రమ్మను. బోరాలు కాస్త ఇటు జరిపితే దానికి పడుకునే చోటు వస్తుంది. తొడిమలు తీసేవాళ్లు లేక కాయ అక్కడే ఉండిపోయింది," అంది.

నేనే వెళ్లాను. పేట చివర ఆ పునాది. చువ్వల మధ్య నీలం పట్టా, దాని కింద మంచం, ట్రంకు పెట్టె. ఆదెమ్మ ఇటుకల పొయ్యి మీద ఎసరు పెడుతోంది. ఈ నెల రోజుల్లో బాగా చిక్కిపోయింది. పగలంతా ఆ పట్టా కింద ఎండ ఎలా ఉంటుందో నాకు తెలుసు. నన్ను చూసి బకెట్టు బోర్లించి, కొంగుతో తుడిచి కూర్చోమంది.

దారి పొడుగునా ఒక మాట తయారుచేసుకున్నాను. అది చెప్పేశాను.

"పిల్లలు ఎగిరిపోయాయి ఆదెమ్మా. తల్లి కూడా వెళ్లిపోయింది. ఇక నువ్వు గదిలోకి వచ్చేయొచ్చు."

ఎందుకు అబద్ధమాడానంటే, నిజం చెబితే ఎలా చచ్చాయని అడుగుతుంది. ఆదెమ్మ పొయ్యిలో పుల్ల లోపలికి నెట్టింది.

"పొద్దున మీరు బడికి పోయాక అయ్యగారు నాకు కబురంపారమ్మా. ఇంట్లో ఎవురూ ముట్టుకోరంట. వచ్చి తీసెయ్యమన్నారు."

వంగి పొయ్యి ఊదింది.

"అయిదింటినీ సంచిలో వేసుకొచ్చా. చెత్తకుప్పలో పడేయమన్నారుగానీ, కుక్కలు లాక్కుని తింటే అయ్యి కూడా చస్తయ్ గదా. మందు తిన్న ఎలకల్ని తిన్నయ్ మరి. అందుకని మోకాలి లోతు తవ్వి, అదుగో, ఆ మూల పూడ్చా."

వేలు చూపించిన చోట మట్టి ఇంకా తడిగా ఉంది. పైన రెండు రాళ్లు పెట్టి ఉన్నాయి. నేను ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద వేస్తున్న బాణం గుర్తుల్లో చివరిది కుక్క దాకా వెళుతుందని ఆమె ఎవరూ చెప్పకుండానే ఆలోచించింది. నేను గుడ్లగూబ దగ్గరే ఆగిపోయాను.

"గదికి రాను టీచరమ్మా," అంది. "మందు పెట్టిన చోట పడుకోలేను. కాయ ఇక్కడికి పంపించమనండి, తొడిమలు తీసిస్తా."

"ఎండలకు ఇక్కడ ఉండలేవు ఆదెమ్మా," అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"ఉంటన్నాగా."

ఎసరు మరిగింది. బియ్యం వేసి, మూత పెట్టి, నా వైపు తిరగకుండానే అంది.

"మీరు మాత్రం ఎగిరిపోయినయ్యనే చెప్పండి. ఆఫీసరు గారొస్తారంటగా. ఆయనకదే బాగుంటది."

నేను ఊళ్లో అందరినీ చూసి నవ్వినదాన్ని. హెడ్మాస్టరును, సిద్ధాంతిని, అత్తగారిని, పాలగిన్నె ముందు చెంపలేసుకున్న ఆడవాళ్లను. నన్ను చూసి అలా ఎవరూ నవ్వలేదు. ఆదెమ్మా నవ్వలేదు. నవ్వి ఉంటే కోపం తెచ్చుకుని లేచి వచ్చేసేదాన్ని. చీకటి పడుతోంది, ఇంటికెళ్లమని ఆమె చెప్పేదాకా ఆ బకెట్టు మీదే కూర్చున్నాను.

ఇరవయ్యో తారీఖున మా పెరట్లో సభ జరిగింది. బ్యానరు మీద పిచ్చుక బొమ్మ వేయించారు. ఆఫీసరు గారు పెట్టెలోకి తొంగి చూసి, ఖాళీగా ఉందేమిటి టీచరు గారూ అని అడిగారు. హెడ్మాస్టరు గారు నిద్ర సంగతి ఎత్తబోతుంటే నేను మంగళగిరి చీర కొంగు సర్దుకుని ముందుకొచ్చాను.

"పిల్లలు పెద్దవై ఎగిరిపోయాయండి," అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు.